కుడివైపు కాయిల్

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. నాలుగు గంటలకు పోచయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అంటే నాకు మిగిలింది రెండు గంటలా ఇరవై నిమిషాలు.

ఆదివారం పొద్దున ఆరూ పదిహేడుకి మాదాపూర్ వైపు ఫ్లైఓవర్ ఎక్కుడులో ఒక పాత మోటార్‌సైకిల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక వస్తున్న లారీ గుద్దింది. నడుపుతున్న మనిషి ఉదయ్ భాస్కర్, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరు. స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడి ఉన్నాడు. అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు, ఆ బండికి రెండు ఇగ్నిషన్ కాయిళ్లూ కొత్తవి వేసి ఇచ్చింది బాలానగర్ మెకానిక్కు పోచయ్య. ఈ రోజు పొద్దున ట్యాంకు విప్పితే ఎడమవైపు కొత్తది ఉంది. కుడివైపు మాత్రం తుప్పు పట్టిన పాత కాయిల్.

కాయిల్ అంటే పెద్ద మాయేం కాదు. అరచేతిలో పట్టే డబ్బా. బ్యాటరీలోని కొంచెం కరెంటును వేల వోల్టులు చేసి ప్లగ్గుకి నిప్పురవ్వగా పంపుతుంది. రెండు సిలిండర్ల బండికి అవి రెండుంటాయి. ఒకటి పోతే చదునులో ఈడ్చుకుంటూ పోతుంది గానీ ఎక్కుడులో కూలబడుతుంది. కొత్తదని చెప్పి పాతది బిగించాడు, ఆ మోసం వల్లే మనిషి ప్రాణం మీదికొచ్చింది అని సోమవారం ఉదయ్ భాస్కర్ కంపెనీ వాళ్లు ఇచ్చిన ఫిర్యాదుతో పోచయ్య మీద కేసు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, యాభై ఏళ్లు పానా పట్టిన చేతులకు.

ఆయన దగ్గర నేను పన్నెండేళ్లు పనిచేశాను. ఏడో తరగతి పూర్తి చెయ్యని నాకు అంతకు మించిన చదువు లేదు. ఇరవై రెండేళ్ల కిందట ఆయనే నన్ను షెడ్డులోంచి వెళ్లగొట్టాడు. అప్పటినుంచి మాటల్లేవు.

ఠాణాలో ఆయన్ని కలవడానికి ఎస్సై భార్గవి పది నిమిషాలు ఇచ్చింది. 

"అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువ కాదు. కాగితాలన్నీ తయారుగా ఉన్నాయి" అంది.

పోచయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు.

"నువ్వెందుకొచ్చినవ్ రా?"

"అమ్మ ఫోన్ చేసింది, ఉస్తాద్." ఆయన భార్యను నేను అమ్మ అనే పిలిచేవాణ్ణి.

"కిష్టమ్మకు పని లేదు. నీకూ పని లేదు."

"నాలుగు గంటలకు కోర్టుకు తోల్కపోతరు. జైల్ల పెడతరు. ఇంటున్నవా?"

"పెట్టనియ్యి. జైలుకు నేను భయపడను. ఆ కాగితం మీద మోసం అని రాసిండ్రు సూడు..." గోడ వైపే చూస్తూ అన్నాడు. "అది ఎట్ల తుడుస్తరు?"

నేను కింద కూర్చున్నాను. షెడ్డులో ఆయన ముందు ఎప్పుడూ అలాగే కూర్చునేవాణ్ణి.

"బండికి ఏం రోగముండె?"

"కుడి కాయిల్. సల్లగున్నప్పుడు మంచిగ కొడుతది. ఇరవై నిమిషాలు నడిస్తె, వేడెక్కి లోపల తీగె తెగుతది. అర్ధగంట ఆగితె మళ్ల అతుక్కుంటది. ఆ సార్ ముగ్గురు మెకానిక్కులకు సూపిచ్చిండు. అందరు సల్లగున్న కాయిల్‌కు మీటర్ పెట్టిండ్రు, మంచిగుందన్నరు."

"నువ్వు వేడి నీళ్లల్ల పెట్టి సూసినవ్."

"ఇంకెట్ల సూస్తరు?" మొదటిసారి నా వైపు తిరిగాడు. "కొత్తయి గూడ అట్లనే సూసినంకనే బిగించిన."

"పాతయి?"

"పేపర్ల సుట్టి సార్ చేతుల పెట్టిన. పాత సామాన్ ఓనర్ చేతికే పోవాలె గద. సూసినోళ్లు ఇంకెవరు లేరు. సారే సాక్షి. ఆ సార్ దవాఖానల పండిండు."

అంటే ఉదయ్ భాస్కర్ కళ్లు తెరిచి నోరు విప్పితే తప్ప పోచయ్య మాటకు దిక్కు లేదు.

"స్క్రూలు సూసినవా?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి. "నా చేతిది అయితే ప్రతి స్క్రూ మీద ఎర్ర సుక్క ఉంటది. కిష్టమ్మ గోళ్ల రంగు. స్క్రూ తల మీద సగం, ఫ్రేము మీద సగం. ఎవడన్న తిప్పితె సుక్క ఇరుగుతది."

"నేనున్నప్పుడు ఆ సుక్క లేకుండె?"

ఆయన నా మొహంలోకి చూశాడు.

"నువ్వు పోయినంక పెట్టుడు షురూ చేసిన."

ఇరవై రెండేళ్ల కిందట ఒక పాత కాయిల్‌కు నల్లరంగు పూసి, కొత్తదని చెప్పి ఒకాయన బండికి బిగించింది నేనే. ఉస్తాద్‌కు తెలిసిన రోజునే నా పానాల సంచి రోడ్డు మీద పడింది. ఇప్పుడు అదే తప్పు ఆయన నెత్తిన రుద్దారు. అది ఆయన చెయ్యడని ఈ నగరంలో నాకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు.

ఠాణా వెనక ఆవరణలో టార్పాలిన్ కింద ఉంది బండి. వెనక చక్రం వంకర పోయింది. ట్యాంకు విప్పి పక్కన పెట్టారు. ఫ్రేము, ఆ రెండు సైలెన్సర్లు చూడగానే నా ముక్కుకు లేని వాసన తగిలింది. పెట్రోల్లో కలిసి కాలే ఆయిలు వాసన, షెడ్డు రేకుల కింద మే నెల ఎండ, రెండు సిలిండర్లూ పోటీ పడి కొట్టే ఆ చప్పుడు. ఆ చప్పుడు విని మలుపు తిరగకముందే ఎవరి బండి వస్తోందో చెప్పేవాడు ఉస్తాద్. ప్లగ్గును ఇంజను రెక్కలకు ఆనించి కిక్కు కొట్టమనేవాడు. నీలం రవ్వ పడితే కాయిల్ బతికున్నట్టు, పసుపు రవ్వ పడితే ఇవాళో రేపో పోతున్నట్టు. ఆ నీలం రవ్వంత అందమైన వస్తువు నేను తర్వాత ఏ అద్దాల మేడలోనూ చూడలేదు.

"ఏవయ్యా ఓంకారూ, పాత పరిమళాలు పీలుస్తున్నావా?"

శ్రీనివాసులు. రిటైరైన ఇన్‌స్పెక్టరు, ఉదయ్ భాస్కర్ కంపెనీకి ఇప్పుడు సెక్యూరిటీ పెద్ద. మెడలో కంపెనీ కార్డు పట్టీ, చేతిలో ఖరీదైన మల్టీమీటరు. నా ఇప్పటి డిటెక్టివు పని మీద పోయినేడు ఒక కేసులో వెళ్తే నన్ను వాళ్ల ఆఫీసు లిఫ్టు దాకా కూడా రానివ్వకుండా గేటు దగ్గర్నుంచే తిప్పి పంపిన మనిషి.

"మీటరు పెట్టి చూసినరా, సార్?"

"చూడకుండా రిపోర్టు రాస్తానా? లోపలి తీగచుట్టల్లో ప్రైమరీ సరిగ్గానే ఉంది. సెకండరీ తొమ్మిదిన్నర కిలో ఓములు. పాతదే అయినా ఏదోలా పనిచేస్తోంది. మీ ముసలాయన వదులుగా బిగించాడు, కుదుపుకి పోయింది. పాతది వేయడం మోసం, వదులుగా వేయడం నిర్లక్ష్యం. ఇంతకీ ఓము అంటే ఏవిటో తెలుసా నీకు?"

"స్పెల్లింగ్ రాదు" అని వంగాను.

ఎడమ కాయిల్. రెండు స్క్రూలు, రెండు ఎర్ర చుక్కలు, చెక్కు చెదరలేదు. కాయిల్‌కూ ఫ్రేముకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క. ఉస్తాద్ చెయ్యి.

కుడి కాయిల్. స్క్రూ తల మీద ఎర్ర అరచుక్క ఒక దిక్కున, ఫ్రేము మీది అరచుక్క ఇంకో దిక్కున. రెండు స్క్రూలకూ అంతే. ట్యూబు ముక్క లేదు.

"మేడమ్, ఇటు చూడండి" అన్నాను. భార్గవి వచ్చి వంగింది. "పోచయ్య బిగించి చుక్క పెట్టినంక ఇంకెవరో ఈ రెండు స్క్రూలు తిప్పిండ్రు."

శ్రీనివాసులు నవ్వాడు. "ఆయనే మళ్లీ తిప్పి ఉంటాడు. కొత్తది చూపించి, చుక్క పెట్టి, ఉదయ్ గారు అటు తిరగ్గానే పాతది వేసేశాడు. గోళ్ల రంగు సాక్ష్యం తీసుకుని కోర్టుకెళ్తారా అండీ మీరు?"

భార్గవి చేతి గడియారం చూసింది. "ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. బండి షెడ్డులోంచి కదిలే ముందే మార్చి ఉండొచ్చు. కాదని చూపించగలరా?"

రెండూ అయిదు. ఉదయ్ భాస్కర్ భార్య ఉమాశ్రీకి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో ఉంది. గొంతు పీలగా ఉంది. ఎవరి తరఫున అడుగుతున్నానో దాచలేదు.

"పోచయ్య గారు మోసం చేశారంటే నాకూ నమ్మబుద్ధి కావట్లేదండీ. మా ఆయన ఆయన్ని గురువు గారూ అనేవారు."

"శుక్రవారం సారు ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి ఇల్లు చేరారు, చెప్పగలరా అమ్మా?"

"చెప్పగలనండి. షెడ్డు దగ్గర బండెక్కి ఫొటో తీయించుకుని పంపారు, ఆరూ ఎనిమిదికి. మదీనాగూడలో మా ఇంటికి వచ్చేసరికి ఆరూ యాభై రెండు. కిందకి రమ్మని పిలిస్తే వెళ్లి వీడియో కూడా తీశానండి."

"వీడియో ఏంటిదమ్మా?"

"ఏదో వేడుకండీ. ఇల్లు చేరాక ఇంజను ఆపకుండా ఫోన్ చెయ్యమన్నారట పోచయ్య గారు. ఈయన ఫోను తీసుకెళ్లి సైలెన్సరు దగ్గర పెట్టారు. ఆయన అక్కడ్నుంచి విని, నీళ్లు చల్లమన్నారు."

ఉస్తాద్ ఇప్పటికీ ఫోన్లో బండి నాడి చూస్తున్నాడు.

"అది నాకు పంపండమ్మా. ఇంకో మాట. పాత కాయిళ్ల పొట్లం సారు ఎక్కడ పెట్టారు?"

"పార్కింగులో, బండి పక్క అరలోనండి."

"మీరు ఒకసారి ఇంటికి పోయి ఆ పొట్లం విప్పకుండా చూసి ఫోన్ చెయ్యగలరా? చాలా అవసరం."

ఆమె తటపటాయించింది. "పొద్దున వేలు కదిపారండీ ఈయన. వదిలి వెళ్లాలంటే... సరే, ఆఫీసు వాళ్లలో ఒకరున్నారు, కూర్చోబెట్టి వెళ్తాను. ఆ పెద్దాయన గురించేగా."

వీడియో వచ్చింది. ముగ్గురం చూశాం. ఉదయ్ భాస్కర్ పిల్లాడిలా నవ్వుతున్నాడు. స్పీకరులోంచి పోచయ్య గొంతు: "రెండిటి మీద నీళ్లు సల్లు సారూ, ఇంజన్ దగ్గర వంపు మీద." ఎడమ గొట్టం చుయ్‌మంది. కుడి గొట్టం కూడా చుయ్‌మని ఆవిరి లేచింది. "శభాష్. ఇగ ఫికర్ జెయ్యకు" అంది ఫోను.

"ఏవిటి ఇందులో?" అన్నాడు శ్రీనివాసులు.

"కాయిల్ పోయిన వైపు గొట్టం చల్లబడుతుంది సార్. నీళ్లు చల్లితే కారిపోతయి, చప్పుడు రాదు. నలభై నాలుగు నిమిషాలు ట్రాఫిక్కుల వచ్చినంక గూడ కుడివైపు కాలుతున్నది. అంటే కుడి కాయిల్ బతికే ఉంది."

"బతికే ఉంది అని నేనూ అన్నాను కదయ్యా! తొమ్మిదిన్నర కిలో ఓములు!"

"అదే మీ తప్పు. ఆ ముగ్గురు మెకానిక్కుల తప్పు గూడ అదే. మేడమ్, దాన్ని విప్పి పరీక్ష చేస్త. మీ ఎదురుంగనే, ఈ సార్ మీటరుతోనే."

భార్గవి కానిస్టేబులును పిలిచి వీడియో తియ్యమంది. ఇంకో ఇద్దర్ని సాక్షులుగా నిలబెట్టింది. "కానివ్వండి. పాడైతే మాత్రం మీ ముసలాయన పక్కనే మీరూ కూర్చుంటారు."

కుడి కాయిల్ విప్పాను. ఇరవై రెండేళ్లయినా వేళ్లు మర్చిపోలేదు. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే తొమ్మిదిన్నర కిలో ఓములు. శ్రీనివాసులు గర్వంగా తల ఊపాడు. ఎదురు టీ కొట్టు లింగయ్య దగ్గర్నుంచి కెటిల్ నిండా మరిగే నీళ్లు తెప్పించాను. కాయిల్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తీగలు బయటికి వదిలి, మూతి గట్టిగా కట్టి నీళ్లలోకి దింపాను. రెండూ ముప్పై ఒకటి.

రెండూ ముప్పై ఎనిమిది. తొమ్మిదిన్నర.

"టీ కూడా పడుతుందా అందులో?" అన్నాడు శ్రీనివాసులు.

రెండూ నలభై నాలుగు. తొమ్మిది పాయింట్ ఏడు. పన్నెండేళ్లు ఈ పరీక్ష చేస్తున్నప్పుడు ఉస్తాద్ పక్కన ఉండేవాడు. తొందరపడి కవరు కదిపితే నెత్తి మీద ఒక్కటి వేసేవాడు. ఇప్పుడు నెత్తి మీద చెయ్యి లేదు, తప్పితే ఆయన జైలుకు పోతాడు.

రెండూ నలభై ఏడు. అంకెలు ఒక్కసారి వణికాయి. పది, ముప్పై, తొమ్మిది. ఆ తర్వాత అంకెలు పోయి ఓ, ఎల్ అనే రెండక్షరాలు మిగిలాయి.

"లోపల తీగె తెగింది" అన్నాను. "అర్ధగంటలో చల్లబడితే మళ్లీ తొమ్మిదిన్నర చూపిస్తది. మీ రిపోర్టు మళ్లీ నిజమైతది సార్."

శ్రీనివాసులు మీటరు వైపే చూస్తున్నాడు. భార్గవి నెమ్మదిగా అడిగింది. "అంటే ఈ కాయిల్ శుక్రవారం బండిలో ఉండి ఉంటే?"

"ఇరవై నిమిషాలల్ల చచ్చేది. మధ్యలో ఆగి చల్లార్చుకుని వస్తే గంట దాటేది. నలభై నాలుగు నిమిషాలల్ల ఇల్లు చేరి, రెండు గొట్టాల మీద ఆవిరి లేపుడు దీనితోని కాదు. శుక్రవారం సాయంత్రం ఇందుల ఉన్నది కొత్తదే. పాతది తర్వాత వచ్చింది, పార్కింగుల. ఆదివారం సారు ఎన్నింటికి బయల్దేరారు?"

"వాళ్లింటి గేటు కెమెరాలో అయిదూ యాభై తొమ్మిది" అంది భార్గవి. "పద్దెనిమిది నిమిషాలు." ఆమె మొహం మారింది. "ఇది ప్రమాదం కాదు."

నేను కుడివైపు తీగలను ఎండకు తిప్పాను. ఇందాకే వేలికి ఏదో అంటుకుంది. మూడు తీగల మీదా, కొస నుంచి బెత్తెడు దూరంలో, వేలెడు వెడల్పున జిగురు పట్టీ. టేపు చుట్టి పీకేసిన గుర్తు. ఆ జిగురుకు రోడ్డు దుమ్ము, సైలెన్సరు మసి పట్టి నల్లగా ఉంది. ఎడమ తీగల మీద ఏమీ లేదు.

"ఆదివారం బండి నడవకముందే పీకిన టేపు ఇది. ఆగిన బండికి ఇంత మసి రాదు. తీగలు విప్పేముందు ఒక్కోదానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నడు. పానా పట్టినోడు ఎవడు ఈ పని చెయ్యడు. మూడు తీగలకు గుర్తు ఎందుకు? కండ్లు మూసుకుని పెడతడు."

శ్రీనివాసులు ఆ జిగురు పట్టీల వైపు వంగి చూశాడు. మెడలోని పట్టీని వేలికి చుట్టుకున్నాడు.

"సార్" అన్నాను, "ట్యాంకు ఈ రోజు పొద్దున విప్పినరు. మరి సోమవారమే మీరు మేడమ్‌కు ఫిర్యాదుల పాత కాయిల్ అని ఎట్ల రాసినరు?"

"నాకు... చెప్పారు."

"ఎవరు?"

"మావాడే. ఆదివారం ఎనిమిదింటికే ఫోన్ చేశాడు. ముసలాయన పాత కాయిల్ వేసుంటాడు, ట్యాంకు కింద చూడండి అన్నాడు. ఆదివారాలు ఉదయ్ గారితో కలిసి బండి నడుపుతాడు కదా, తెలిసి చెప్పాడనుకున్నాను." గొంతు తగ్గించాడు. "మా సర్వర్ రూం అంతా వాడి చేతుల్లోనే. ఏ తీగ ముట్టుకున్నా ముందు టేపు చుట్టి నంబరు రాయందే విప్పడు. కిందవాళ్లకీ అదే నేర్పాడు. మంచి పనివాడని నేనే మెచ్చుకునేవాణ్ణి."

"పేరు?"

"వేణు. ఉదయ్ గారు నిన్న సంతకం చెయ్యాల్సిన జాబితా ఒకటుంది. ఉద్యోగాలు తీసేసే జాబితా. అందులో వాడి పేరుంది."

భార్గవి కానిస్టేబులు వైపు తిరిగింది. "పోచయ్యను ఇవాళ కోర్టుకు పంపడం లేదు. రైటర్‌కు చెప్పు."

లోపలికి పరుగెత్తి ఆ మాట నేనే ఆయనకు చెప్పాలనిపించింది. రెండడుగులు వేశాను కూడా. జేబులో ఫోన్ మోగింది. ఉమాశ్రీ. స్పీకరులో పెట్టాను.

"ఇంటికొచ్చానండీ. పొట్లం ఉంది. ముట్టుకోలేదు, చిరుగులోంచి కనబడుతోంది. రెండున్నాయి. ఒకటి తుప్పు పట్టిందండి, రెండోది మెరుస్తోంది, కొత్తదిలా. అదేవిటండీ?"

"అక్కడే ఉంచండమ్మా, ఎవరినీ ముట్టనివ్వకండి. శనివారం పార్కింగుకు ఎవరన్నా వచ్చారా?"

"శనివారమా? బయటివాళ్లెవరూ లేరండి. వేణు గారొక్కరే వచ్చారు. ఆదివారానికి బండి తుడిచిపెడతానని అరగంట ఉన్నారు." ఆమె గొంతులో రెండు రోజుల తర్వాత మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. "అన్నట్టు చెప్పడం మరిచాను, మా ఆయన కళ్లు తెరిచారటండీ! ఏదో చెప్పాలని చూస్తున్నారట. ఇప్పుడే వేణు గారు ఫోన్ చేశారు."

"ఆయన ఎక్కడున్నారమ్మా?"

"ఈయన దగ్గరే. లోపల ఒక్కరినే ఉండనిస్తారు కదండీ. మీరు వెళ్లి చూడమన్నారని ఆయన్నే కూర్చోబెట్టి వచ్చాను."

భార్గవి అప్పటికే జీపు వైపు పరుగెడుతోంది. శ్రీనివాసులు వేణు నంబరు నొక్కుతున్నాడు. అటువైపు మోగుతోంది, మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.